గోల్ కొట్టని కెప్టెన్

(మన దేవాలయ యువజన సంఘం తరఫున, బాలవిహార్ తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సాయంకాలం హారతి వేళకి ముగించమని పూజారిగారు ముందే హెచ్చరించారు కాబట్టి నేరుగా విషయంలోకి వచ్చేస్తాం.

గుడిలో సాకర్ గురించి ప్రసంగమేమిటని కొందరు పెద్దలు అడిగారు. సమంజసమైన ప్రశ్నే. బాలవిహార్ హాజరుపట్టీ చూస్తే జవాబు దొరుకుతుంది. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, మళ్ళీ మార్చి నుంచి జూన్ దాకా, ఆదివారం పొద్దున సగం కుర్చీలు ఖాళీ. పిల్లలు ఎక్కడున్నారంటే మైదానంలో. వాళ్ళ వెనకే మడతకుర్చీలు, పులిహోర డబ్బాలు పట్టుకుని మనమూ అక్కడే ఉన్నాం. మన పిల్లల జీవితంలో ఇంత భాగమైన ఆట గురించి ఇక్కడ మాట్లాడుకోకపోతే ఇంకెక్కడ మాట్లాడుకుంటాం?

మా సంఘం గమనించిన సంగతి ఇంకొకటి ఉంది. ఎనిమిదో తరగతి దాకా ఉత్సాహంగా ఆడిన మన ఆడపిల్లలు తొమ్మిదిలోకి వచ్చేసరికి ఒక్కొక్కరే ఆగిపోతున్నారు. కారణాలు అందరికీ తెలిసినవే. చదువు ఒత్తిడి, టోర్నమెంటు ప్రయాణాల ఖర్చు, ఎండకి నల్లబడిపోతోందన్న అమ్మమ్మల బెంగ. (నవ్వకండి, ఈ బెంగ మీ అందరి ఇళ్ళలోనూ వినిపించేదే.) వీటితోపాటు గుడి క్యాంటీన్‌లో కాఫీ తాగుతూ మేము పదేపదే విన్న మాట ఒకటుంది. "మా అమ్మాయిని డిఫెన్స్‌లో పెట్టారండీ. గోల్ కొట్టే అవకాశమే లేదు. ఇంకెందుకు ఆడటం?"

ఈ ప్రశ్నని మేము తీసిపారేయడం లేదు. అందుకే ఇవాళ ఒక డిఫెండర్ కథ చెబుతాం. కప్పులు, పతకాలే కాకుండా డబ్బు, దెబ్బలు, ఎదురుచూపులు, మూతపడ్డ క్లబ్బులు అన్నీ కలిపి చెబుతాం. విన్నాక మీ ఇంట్లో మీరు మాట్లాడుకోండి.

ఆమె పేరు బెకీ సావర్‌బ్రన్. 1985లో మిజోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో పుట్టింది. అమెరికా మహిళల జాతీయ జట్టు తరఫున 219 మ్యాచ్‌లు ఆడింది. రెండు ప్రపంచ కప్పులు గెలిచిన జట్లలో ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం, టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం. దేశానికి కెప్టెన్. ఆ 219 మ్యాచ్‌లలో ఆమె కొట్టిన గోల్స్ సున్నా.

పిల్లలూ, నవ్వారు సరే. ఇప్పుడు ఆ సున్నా సంగతి చూద్దాం.

క్రికెట్ మాత్రమే తెలిసిన పెద్దల కోసం రెండు ముక్కలు. సాకర్‌లో గోల్‌కీపర్‌కి ముందు నలుగురు ఉంటారు. వాళ్ళలో మధ్యన ఉండే ఇద్దరిని సెంటర్ బ్యాక్‌లు అంటారు. ఎదుటి జట్టు బంతితో దూసుకొస్తే అడ్డుకోవడం వాళ్ళ పని. కాళ్ళు అడ్డం పెట్టడమే ఆ పని అనుకుంటే పొరపాటు. మంచి సెంటర్ బ్యాక్ బంతి రాబోయే చోటికి ముందే వెళ్ళి నిలబడుతుంది. అలా నిలబడి ఉంది కాబట్టి ఎదుటివాళ్ళు అటు బంతి వెయ్యరు. వెయ్యలేదు కాబట్టి అక్కడ ఏమీ జరగదు. ఏమీ జరగలేదు కాబట్టి మడతకుర్చీలో కూర్చున్న మనకి ఏమీ కనబడదు! ద్రావిడ్ ఆఫ్ స్టంపు బయట వదిలేసిన బంతులకి స్కోరుబోర్డు మీద లెక్క ఉండదు కదా, అలాంటిదే ఇది.

సావర్‌బ్రన్ ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. సెంటర్ బ్యాక్‌కి అదేమంత గొప్ప ఎత్తు కాదు. జట్టులో అందరికంటే వేగంగా పరిగెత్తేదీ కాదు. ఆమెకి పేరు తెచ్చింది ఆటని ముందుగా చదవగలగడం. బంతి ఎవరి కాలి దగ్గరుంది, ఆ పిల్ల తల ఎటు తిరిగింది, తన పక్కనున్న డిఫెండర్ ఎంత ముందుకి వెళ్ళిపోయింది, వెనకాల ఎంత ఖాళీ ఉంది అన్న లెక్కలు క్షణక్షణం మారుతుంటాయి. వాటిని చూసుకుంటూ పక్కవాళ్ళని కేకలేసి సర్దుతుండాలి. మైదానంలో ఎక్కువ మాట్లాడేది వెనకనున్నవాళ్ళే, ఎందుకంటే మొత్తం ఆట కళ్ళముందు కనబడేది వాళ్ళకే. ఇంట్లో నోరు విప్పని పిల్ల మైదానంలో "వెనక్కి రా, ఎడమ పక్క చూడు" అని అరుస్తుంటే ఆశ్చర్యపోయిన తల్లిదండ్రులు ఈ సభలో కూడా ఉన్నారు.

ఈ సంగతి మన గుడి మనుషులకి సులువుగానే అర్థమవ్వాలి. గర్భాలయం గడప దగ్గర ద్వారపాలకులు ఉంటారు. తిరుమలలో అయితే బంగారు వాకిలి దగ్గర జయవిజయులు. వాళ్ళకి కొబ్బరికాయ కొట్టేవాళ్ళెవరు? వాళ్ళ పేరు మీద అర్చన చేయించేవాళ్ళెవరు? చూపంతా లోపలికే. అయినా ఆ ఇద్దరూ లేని వాకిలిని ఊహించలేం. పురాణంలో వాళ్ళ పేరు మారుమోగింది ఎప్పుడయ్యా అంటే, ఆపకూడని సనకాది మునుల్ని ఆపి శాపం తెచ్చుకున్నప్పుడు. డిఫెండర్ బతుకూ అంతే. తొంభై నిమిషాలు సరిగ్గా ఆడితే ఎవరూ పేరెత్తరు. ఒక్కసారి పెనాల్టీ ఇచ్చిందా, ఊరంతా ఆ పేరే.

ఇక ఆమె ఎదుగుదల సంగతి. సెయింట్ లూయిస్ శివారు లాడ్యూలో హైస్కూలు, తర్వాత వర్జీనియా విశ్వవిద్యాలయం. చదివింది ఇంగ్లీషు సాహిత్యం. ప్రయాణాల్లో పుస్తకం వదలని మనిషని పేరు. 2008 జనవరిలో చైనాలో జరిగిన పోటీలో కెనడా మీద దేశం తరఫున తొలి మ్యాచ్ ఆడింది. ఆ మ్యాచ్‌లోనే ముక్కు విరిగింది. ఆ ఏడు బీజింగ్ ఒలింపిక్స్ జట్టులో ఆమెకి చోటు దక్కలేదు.

2011 ప్రపంచ కప్పుకి జట్టులో చేరింది. కానీ టోర్నమెంటు మొత్తంలో ఆడింది ఒకే ఒక్క మ్యాచ్, ఫ్రాన్స్‌తో సెమీఫైనల్. అదీ తన చోట ఆడే డిఫెండర్ సస్పెండ్ అయింది కాబట్టి. ఆ మ్యాచ్ అమెరికా 3-1తో గెలిచింది. ఫైనల్‌కి ఆమె మళ్ళీ బెంచ్ మీదకే. 2012 ఒలింపిక్స్‌లోనూ ప్రధాన పాత్ర వేరేవాళ్ళది.

బెంచ్ అనే మాట అర్థం కావడానికి మన సభ్యులు సాకర్ ఆడక్కర్లేదు. కన్సల్టింగ్‌లో ఉన్నవాళ్ళకి బాగా తెలుసు. ప్రాజెక్టు అయిపోయింది, కొత్తది రాలేదు, వీసా గడియారం నడుస్తోంది, పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో తెలియదు. ఆ స్థితిలో చేతిలో పని లేకపోయినా రోజూ పనికి సిద్ధంగా ఉండటం ఎంత కష్టమో మన ఇళ్ళకి కొత్త కాదు.

లేఆఫ్‌లు కూడా ఆమెకి తప్పలేదు. 2009లో మొదలైన మహిళల ప్రొఫెషనల్ లీగ్‌లో వాషింగ్టన్ ఫ్రీడం జట్టుకి ఆడింది. 2011లో ఆ జట్టు చేతులు మారి, పేరు మారి, ఫ్లోరిడాకి తరలిపోయింది. 2012లో లీగే మూతపడింది. 2013లో ఎన్.డబ్ల్యూ.ఎస్.ఎల్. అనే కొత్త లీగ్ మొదలైతే ఎఫ్‌.సీ. కాన్సాస్ సిటీలో చేరింది. 2014, 2015లో వరుసగా రెండుసార్లు లీగ్ గెలిపించిన జట్టు అది. 2017 సీజన్ తర్వాత అదీ లేదు. ఆటగాళ్ళని యూటా రాయల్స్ అనే కొత్త జట్టుకి పంపేశారు. 2020లో ఆమె పోర్ట్‌లాండ్ థార్న్స్‌కి మారింది, అదే ఏడాది చివర యూటా జట్టు కూడా మూతపడింది. తర్వాత 2024లో తిరిగి తెరిచారనుకోండి.

ఇన్ని మారినా ఆమె ఆట మాత్రం సడలలేదు. లీగ్‌లో ఆ ఏటి మేటి డిఫెండర్‌గా నాలుగుసార్లు ఎన్నికైంది. 2013, 2014, 2015లో వరుసగా, మళ్ళీ 2019లో. ఆ నాలుగోసారికి వయసు 34.

2015లో కెనడాలో ప్రపంచ కప్పు జరిగింది. అందరికీ గుర్తుండేది ఫైనల్లో కార్లీ లాయిడ్ మొదటి పదహారు నిమిషాల్లో కొట్టిన మూడు గోల్స్. అవి నిజంగానే అద్భుతం, ఒప్పుకుంటాం. కానీ దానికి ముందు జరిగింది చూడండి. తొలి మ్యాచ్‌లో ఆస్ట్రేలియా ఒక గోల్ కొట్టాక, ఫైనల్లో జపాన్ కొట్టేవరకూ, 540 నిమిషాలపాటు అమెరికా మీద ఎవరూ గోల్ చెయ్యలేకపోయారు. అంటే ఆరు మ్యాచ్‌ల కాలం. టోర్నమెంటు మొత్తంలో ఇచ్చిన గోల్స్ మూడే. స్వీడన్‌తో మ్యాచ్ 0-0గా ముగిసిందంటే, గోల్ గీత మీద నిలబడి మెగన్ క్లింగెన్‌బర్గ్ తలతో ఆపిన బంతి వల్లనే. ఆమె కూడా డిఫెండరే. సెమీఫైనల్లో జర్మనీకి పెనాల్టీ దొరికినా గోల్ పడలేదు. ఈ మొత్తం కాలంలో ఒక్క నిమిషం కూడా బయటికి రాకుండా ఆడింది ముప్పయ్యేళ్ళ సావర్‌బ్రన్. నాలుగేళ్ళ క్రితం ఒకే ఒక్క మ్యాచ్ ఆడిన మనిషి!

మీ అమ్మాయి ఆట చూసేటప్పుడు ఒక చిన్న పని చెయ్యండి. ఒక పది నిమిషాలు బంతిని చూడటం మానేసి, మీ అమ్మాయినే చూడండి. బంతి అవతలి సగంలో ఉన్నప్పుడు ఆమె ఎక్కడ నిలబడింది? ఎటు చూస్తోంది? ఎవరితో మాట్లాడుతోంది? ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో "ఎన్ని గోల్స్?" అనే బదులు అడగడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇక దెబ్బల సంగతి. ఇది దాచిపెట్టి మిమ్మల్ని ఒప్పించడం మాకు ఇష్టం లేదు. 2019 జూలై 7న ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ప్రపంచ కప్పు ఫైనల్ జరిగింది. మొదటి సగంలో తలలు ఢీకొని సావర్‌బ్రన్‌కి నెత్తురు కారింది. కట్టు కట్టించుకుని వచ్చి ఆట పూర్తి చేసింది. నెదర్లాండ్స్ మీద అమెరికా 2-0తో గెలిచింది. మన దేశంలో ఫుట్‌బాల్ చూసే పెద్దలకి ఇది వినగానే 1962 జకార్తా ఆసియా క్రీడలు గుర్తొస్తాయి. అప్పటి భారత జట్టు కోచ్ మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం గారు అతన్ని వెనకనుంచి తీసి ముందు వరుసలో ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద అతనే ఒక గోల్ కొట్టాడు. భారత్ 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చింది. మరుసటి సంవత్సరమే రహీం గారు క్యాన్సర్‌తో పోయారు.

ఈ రెండు కథలూ చెప్పుకోవడానికి బావుంటాయి. అయితే పిల్లలకి ధైర్యపాఠంగా మాత్రం చెప్పకండని మా మనవి. తలకి దెబ్బ తగిలితే ఆట ఆపాలి. పెద్దవాళ్ళకి ఉండే వైద్య బృందాలు మన శనివారం మైదానంలో ఉండవు. అమెరికా సాకర్ సమాఖ్య 2015 నవంబరులోనే నియమం పెట్టింది. పదేళ్ళు, అంతకంటే చిన్న పిల్లలు తలతో బంతి కొట్టకూడదు. పదకొండు నుంచి పదమూడేళ్ళ వాళ్ళకి ప్రాక్టీసులో పరిమితి ఉంది. డిఫెండర్లకి తలతో కొట్టే సందర్భాలు ఎక్కువ కాబట్టి మీ కోచ్ దీన్ని పాటిస్తున్నారో లేదో అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని ఆగకండి.

ఇప్పుడు డబ్బు. మన సభ్యులు ప్రసంగం తర్వాత పక్కకి పిలిచి అడిగే ప్రశ్న ఎలాగూ ఇదే కాబట్టి మైకులోనే చెప్పేస్తాం. 2013లో ఎన్.డబ్ల్యూ.ఎస్.ఎల్. మొదలైనప్పుడు కనీస జీతం సీజన్‌కి 6,000 డాలర్లు, గరిష్ఠం 30,000. జాతీయ జట్టువాళ్ళ జీతం సమాఖ్య ఇచ్చేది, కాబట్టి సావర్‌బ్రన్ లాంటివాళ్ళు గట్టెక్కారు. ఆమె పక్కన ఆడిన అమ్మాయిలు సాయంకాలాలు పిల్లలకి కోచింగ్ ఇస్తూ, ఎవరి ఇంట్లోనో ఒక గదిలో ఉంటూ ఆడారు. ఆటగాళ్ళ సంఘం పోరాడాక 2022లో కనీసం 35,000 అయింది. 2024లో కుదిరిన కొత్త ఒప్పందం ప్రకారం 2025లో 48,500, అక్కడినుంచి ఏటా పెరుగుతూ 2030కి 82,500. అదే ఒప్పందంతో డ్రాఫ్ట్ పద్ధతి కూడా పోయింది. కాలేజీ నుంచి వచ్చిన అమ్మాయి ఏ ఊళ్ళో ఆడాలో తనే నిర్ణయించుకోవచ్చు.

దేశానికి ఆడటంలోనూ ఇదే తేడా ఉండేది. 2014 పురుషుల ప్రపంచ కప్పులో అమెరికా చివరి పదహారు జట్ల దశలో ఓడితే ఫిఫా ఇచ్చింది 90 లక్షల డాలర్లు. 2015లో మహిళలు కప్పు గెలిచి తెస్తే ఇచ్చింది 20 లక్షలు. 2016 మార్చిలో ఐదుగురు క్రీడాకారిణులు కేంద్ర ప్రభుత్వ ఉపాధి సమాన అవకాశాల కమిషన్‌కి ఫిర్యాదు చేశారు. ఆ ఐదుగురిలో సావర్‌బ్రన్ ఒకరు. 2019 మార్చి 8న, మహిళా దినోత్సవం రోజున, జట్టులోని 28 మంది కోర్టుకెక్కారు. 2020 మేలో న్యాయమూర్తి వేతనాల భాగాన్ని కొట్టేశారు. వాళ్ళు పై కోర్టుకి వెళ్ళారు. 2022 ఫిబ్రవరిలో 2 కోట్ల 40 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. ఆ మే నెలలో సమాన వేతన ఒప్పందం వచ్చింది. పురుషులు, మహిళలు ప్రపంచ కప్పుల్లో గెలిచిన సొమ్మంతా ఒకచోట చేర్చి సమానంగా పంచుకోవాలని అందులో ఉంది. అప్పుడు మహిళా జట్టు ఆటగాళ్ళ సంఘానికి అధ్యక్షురాలు సావర్‌బ్రన్.

ఈ ఆరేళ్ళలో ఆమెకి కెప్టెన్సీ వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. 2016లో లాయిడ్‌తో కలిసి కెప్టెన్‌గా పెట్టారు. 2018లో ఆ బాధ్యత వేరే ముగ్గురికి ఇచ్చారు. 2021లో మళ్ళీ ఈమెకే అప్పగించారు. పట్టీ ఉన్నా లేకపోయినా ఒప్పందాల కాగితాలు చదవడం, కొత్త పిల్లలకి అర్థమయ్యేలా చెప్పడం ఆగలేదు. ఇంగ్లీషు సాహిత్యం చదివితే ఏం ఉద్యోగం వస్తుందని మనం అంటుంటాం చూడండి!

కాలేజీ స్కాలర్‌షిప్ మాట కూడా అడుగుతారు. మొదటి డివిజన్ కాలేజీల్లో మహిళల సాకర్ జట్టుకి చాలా ఏళ్ళపాటు ఉన్న పరిమితి మొత్తం 14 స్కాలర్‌షిప్‌లు. జట్టులో ఇరవై ఐదు, ముప్పై మంది ఉంటారు. ఆ పద్నాలుగే ముక్కలు చేసి పంచేవారు. ఇటీవల నియమాలు మారాయి కానీ, క్లబ్బు ఫీజులకి పెట్టిందంతా కాలేజీలో తిరిగొస్తుందని లెక్కలేసుకుంటే చాలా ఇళ్ళలో ఆ లెక్క తప్పుతుంది. మన పిల్లల్లో ఎవరైనా ప్రొఫెషనల్ అయితే సంతోషమే. కాకపోవడానికే అవకాశం ఎక్కువ. సావర్‌బ్రన్ కథ చెబుతున్నది ఆ ఆశ పెట్టడానికి కాదు.

ఇప్పుడు చెప్పబోయేది కాస్త బరువైన సంగతి. చిన్నపిల్లలు పక్క హాల్లో బొమ్మలకి రంగులేస్తున్నారు కాబట్టి చెప్పొచ్చు.

2021 శరదృతువులో ఈ లీగ్‌లో కొందరు కోచ్‌లు క్రీడాకారిణుల్ని ఏళ్ళ తరబడి వేధించిన సంగతి బయటపడింది. కొందరు అమ్మాయిలు అంతకుముందే ఫిర్యాదు చేశారు. విన్నవాళ్ళు లేరు. ఒకచోట వదిలించుకున్న మనిషి ఇంకోచోట ఉద్యోగంలో చేరాడు. సమాఖ్య కోరిక మీద మాజీ డిప్యూటీ అటార్నీ జనరల్ శాలీ యేట్స్ విచారణ జరిపారు. 2022 అక్టోబరు 3న నివేదిక వచ్చింది. ఇది ఏ ఒక్క జట్టుదో కాదు, వ్యవస్థ అంతటా ఉన్న జబ్బు అని తేల్చింది. దీని వేళ్ళు పిల్లల సాకర్‌లోనే ఉన్నాయని కూడా రాసింది. ఆ వాక్యం తల్లిదండ్రులుగా మనం ఒకటికి రెండుసార్లు చదవాలి. తిట్టడం, కించపరచడం కోచింగ్‌లో భాగమేనని చిన్నప్పుడే అలవాటైన అమ్మాయి, పెద్దయ్యాక గీత దాటినప్పుడు అది గీత అని గుర్తుపట్టలేదు.

సావర్‌బ్రన్ ఆడుతున్న క్లబ్బు పేరు కూడా ఆ నివేదికలో ఉంది. జీతమిచ్చేది ఆ యజమానులే. ఆమె దేశానికి కెప్టెన్, వయసు 37, కెరీర్ చివరి దశ. మరుసటి రోజే విలేకరుల ముందుకొచ్చి, ఆటగాళ్ళని కాపాడటంలో మళ్ళీ మళ్ళీ విఫలమైన యజమానులు, అధికారులు అందరూ తప్పుకోవాలని చెప్పింది. తన క్లబ్బుకీ ఆ మాట వర్తిస్తుందని దాటవేయకుండా చెప్పింది. ఆ నెలాఖరున, అక్టోబరు 29న, అదే క్లబ్బు జెర్సీ వేసుకుని లీగ్ ఫైనల్ ఆడింది. పోర్ట్‌లాండ్ 2-0తో కాన్సాస్ సిటీ కరెంట్ మీద గెలిచింది. డిసెంబరులో యజమాని క్లబ్బు అమ్మేస్తున్నట్టు ప్రకటించాడు.

మేము ఆమె కెరీర్‌లో అన్నిటికంటే ఎక్కువగా తలచుకునేది ఈ అక్టోబరు నెలని. కప్పుల కంటే కూడా. ఉప్పు తిన్న ఇంటిని ఏమీ అనకూడదనే సంస్కారంలో పెరిగిన వాళ్ళం మనం. గురువుకి ఎదురుచెప్పకూడదని పిల్లలకి నేర్పేదీ మనమే, ఈ గుడిలోనే నేర్పుతాం. ఆ పాఠం మంచిదే. కానీ దాన్ని అర్ధంతరంగా నేర్పితే ఎవరికి ఉపయోగపడుతుందో ఆలోచించాలి. పిల్ల కారెక్కి కిటికీలోంచి చూస్తూ మాట్లాడకుండా కూర్చుంటే "కోచ్ మన మంచికే అంటాడమ్మా" అని మనం అనేస్తే, ఆ తర్వాత ఇక చెప్పదు.

అందుకని కొన్ని వివరాలు. 2018 ఫిబ్రవరిలో ఈ దేశంలో సేఫ్ స్పోర్ట్ చట్టం వచ్చింది. సమాఖ్యకి చెందిన క్లబ్బుల్లో పిల్లలతో క్రమం తప్పకుండా పనిచేసే పెద్దలు ఆ శిక్షణ తీసుకోవాలి. పిల్లల్ని వేధిస్తున్నారని తెలిస్తే పోలీసులకి తెలియజేయాల్సిన బాధ్యత వాళ్ళ మీద ఉంది. కోచ్ పిల్లతో ఒంటరిగా, ఎవరికీ కనబడని చోట ఉండకూడదు. పిల్ల ఒక్కదానికే విడిగా సందేశాలు పంపకూడదు, తల్లిదండ్రులకో ఇంకో పెద్దకో కూడా కనిపించేలా పంపాలి. మీ క్లబ్బులో ఈ నియమాలు రాసి ఉన్నాయా, శిక్షణ పూర్తయిన రుజువు చూపిస్తారా అని సీజన్ మొదట్లోనే అడగండి. మంచి క్లబ్బు నొచ్చుకోదు, కాగితం తీసి చూపిస్తుంది. మన దేవాలయంలో పిల్లలతో పనిచేసే వాలంటీర్లకి కూడా ఇలాంటి నియమాలే ఉండాలని మా సంఘం కార్యవర్గానికి రాసి ఇచ్చింది. సాకర్ వాళ్ళకి చెప్పి మనం పాటించకపోతే ఏం బావుంటుంది?

ఆఖరి రెండేళ్ళ సంగతి త్వరగా చెప్పేస్తాం, హారతి గంట కొట్టేలా ఉన్నారు. 2023 ప్రపంచ కప్పుకి కాలి గాయం మానక వెళ్ళలేకపోయింది. కెప్టెన్ లేకుండా వెళ్ళిన జట్టు చివరి పదహారులోనే స్వీడన్ చేతిలో పెనాల్టీల మీద ఓడిపోయింది. డిఫెన్స్ వల్ల మాత్రం కాదు. నాలుగు మ్యాచ్‌లలో అమెరికా ఇచ్చింది ఒకే గోల్. గోల్స్ కొట్టలేకే ఓడారు. ఫార్వర్డ్ ఆడే పిల్లలు కూడా సభలో ఉన్నారు కాబట్టి వాళ్ళ విలువా చెప్పినట్టయింది! 2024 డిసెంబరులో, 39 ఏళ్ళ వయసులో, సావర్‌బ్రన్ ఆటకి సెలవు చెప్పింది.

చివరగా సంఘం తరఫున ఒక ప్రకటన. బాలవిహార్‌కీ ఆటకీ మధ్య పిల్లలు ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తోందని చాలామంది చెప్పారు. గురువులతో మాట్లాడి, వసంతకాలం, శరదృతువు సీజన్లలో ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకి రెండో తరగతి పెట్టడానికి ఒప్పించాం. పొద్దున మ్యాచ్ ఉన్న పిల్లలు సాయంత్రం రావచ్చు. పాఠం అదే, హోంవర్కూ అదే. బూట్లు మాత్రం దయచేసి బయటే విడవండి, మట్టితో సహా. సాయంత్రం తరగతికి ఇప్పటికి పదకొండు పేర్లు వచ్చాయి. ఇంకా నాలుగు ఇళ్ళనుంచి వస్తే గురువుగారు ఖాయం చేస్తామన్నారు. నమోదు కాగితం చెప్పుల స్టాండ్ పక్కన బల్ల మీద ఉంది. ప్రసాదం తీసుకుని వెళ్ళేటప్పుడు రాసి వెళ్ళండి.